సహవాసమునకు వెల కట్టరాదు



మన గ్రామములకు ఈ దినములలో ఒక క్రొత్తరకపు వర్తకుడు వచ్చుచున్నాడు. పూర్వమునుండి వచ్చు వర్తకులను మనమెరుగుదుము. సైకిలుమీద స్టీలు సామాను కట్టుకొని వచ్చువాడు, నెత్తిన గంపతో చేపలు తెచ్చునామె, వాయిదాలమీద చీరలు ఇచ్చు మూటలవాడు, వీరందరు తమ సరకు చూపి, బేరమాడి, పైకము పుచ్చుకొని తమ త్రోవను పోవుదురు. నచ్చినయెడల కొందుము, నచ్చనియెడల మానుకొందుము. అంతటితో వారికిని మనకును లెక్క తీరిపోవును.

ఈ క్రొత్త వర్తకుడు అట్టివాడు కాడు. అతడు పరాయివాడుగా రాడు. మేనమామ కుమారుడుగానో, పెద్దమ్మ కూతురుగానో, మనతోకూడ ఒకే సంఘములో బాప్తిస్మము పొందిన సహోదరుడుగానో వచ్చును. "వందనాలు అక్కా, నీకొక మంచి సంగతి చెప్పాలని వచ్చాను" అని చాపమీద కూర్చుండును. సంచిలోనుండి సబ్బులు, పండ్లు తోముకొను పేస్టు, బలమునకు పాలలో కలుపుకొను పొడి, విటమిను బిళ్లలు తీసి చూపును. కాని మనచేత సబ్బు కొనిపించుటయే అతని పని కాదు. మనము అతని క్రింద చేరవలెను, చేరి మరికొందరిని చేర్చవలెను, వారు మరికొందరిని చేర్చవలెను. క్రిందివారు కొన్న ప్రతి సరకుమీదను పైవారికి కమీషను ముట్టును. దీనిని మల్టీ లెవల్ మార్కెటింగ్ అనియు, నెట్‌వర్క్ మార్కెటింగ్ అనియు, డైరెక్ట్ సెల్లింగ్ అనియు పలుపేర్లతో పిలుచుచున్నారు. మన ప్రజలైతే గొలుసుకట్టు వ్యాపారమని సూటిగా పేరు పెట్టిరి.

ఇంటింటికి తిరిగి సరకు అమ్ముకొనుట తప్పని నేను చెప్పుట లేదు. చెమటోడ్చి అమ్ముకొనువాని లాభము న్యాయమైనదే. అయితే ఒక్క సంగతి ఆలోచించుడి. సంతలో వంకాయలు అమ్మునామె ప్రక్కన మరి పదిమంది వంకాయల గంపలు దించినయెడల ఆమె సంతోషించునా? కొనువారు ఎక్కువై అమ్మువారు తక్కువైననే గదా ఆమె గంప ఖాళీయగుట! గొలుసు వ్యాపారములోనైతే కొన్నవారినందరిని అమ్మువారినిగా మార్చుటకే పాటుపడుదురు. ఊరందరును అమ్మువారైన పిమ్మట కొనువారెవరు? ఈ ప్రశ్నకు జవాబు లేనిచోట, లాభము సరకువలన వచ్చుట లేదనియు, క్రొత్తగా చేరినవారి చేతిడబ్బే పైవారి లాభమనియు తెలిసికొనవలెను.

లెక్క వేయుట వచ్చిన పిల్లవానిని పిలిచి పలకమీద వేయించుడి. ఒకడు ఆరుగురిని చేర్చెననుకొందము. ఆ ఆరుగురు తలకు ఆరుగురిని చేర్చినయెడల 36 మంది. తరువాతి వరుసలో 216 మంది, దాని తరువాత 1,296 మంది. ఇప్పటికే మన ఊరు చాలదు. పండ్రెండవ వరుసకు 217 కోట్లు దాటును. మన దేశమంతటను ఉన్న జనము దాదాపు 140 కోట్లు. అనగా ఈ గొలుసు ఎక్కడో ఒకచోట తెగి తీరవలెను. అది ఏ వరుసలో తెగినను, అప్పటివరకు చేరినవారిలో నూటికి ఎనుబదిముగ్గురు చివరి వరుసలోనే ఉందురు. వారి క్రింద ఎవరును ఉండరు. ఇది వారి సోమరితనమువలన కలుగు నష్టము కాదు. లెక్కలోనే ఆ నష్టము వ్రాయబడియున్నది.

అమెరికా దేశములో వ్యాపారములను కనిపెట్టు ఫెడరల్ ట్రేడ్ కమిషను అను ప్రభుత్వ సంస్థ గలదు. దాని ఉద్యోగులు 2024లో ఇట్టి 70 కంపెనీలు తామే బయటపెట్టిన ఆదాయపు లెక్కలను పరిశీలించిరి. ఆ కంపెనీలలో చేరినవారిలో ఎక్కువమందికి సంవత్సరమంతటికి వచ్చినది 1,000 డాలర్లు గాని అంతకంటె తక్కువ గాని అని వారు వ్రాసిరి. ఆ దేశపు జీతములతో చూచిన అది నెలకు కొన్ని పూటల కూలి. సరకు కొనుటకును, తిరుగుటకును, మీటింగులకును వారు పెట్టిన ఖర్చు అందులో తీసివేయబడలేదు. అదియు తీసివేసినయెడల మిగులు ఏమో మీరే ఊహింపవచ్చును.

ఇది లోకసంబంధమైన వ్యవహారము గదా, సంఘపత్రికలో ఎందుకని మీరు అడుగవచ్చును. ఈ వ్యాపారమునకు పెట్టుబడి రూపాయలు మాత్రమే కాదు గనుక వ్రాయుచున్నాను. మన మధ్యనున్న నమ్మికయే దానికి అసలైన పెట్టుబడి. పట్టణములో ఒక మనిషికి ఎదురింటివాని పేరైనను తెలియదు. మన పల్లె సంఘములోనైతే ఎవరి బిడ్డకు జ్వరమో, ఎవరి ఇంట బియ్యము నిండుకొనెనో అందరికి తెలియును. వ్యాధి వచ్చినప్పుడు ఒకరి మంచము ప్రక్కన ఒకరు మోకరించెదము. ఈ ప్రేమ ఏండ్ల తరబడి ప్రార్థనతోను కన్నీటితోను పెరిగినది. గొలుసు వ్యాపారి దానిని చూచి, కాచిన తోటను చూచినట్లు సంతోషించును. తాను నాటలేదు, నీరు పోయలేదు. కోసికొనుటకు మాత్రము వచ్చును.

వారి కూడికలలో మన మాటలనే వాడుకొందురు. "విశ్వాసముంచండి, సాక్ష్యము చెప్పండి, మీ ఆశీర్వాదాన్ని మీరే అడ్డుకోకండి" అందురు. "యేసుప్రభువు కూడా పన్నెండుమందిని చేర్చుకున్నాడు, వాళ్లు లోకమంతా చేర్చారు. ఇదీ అలాంటిదే" అని ధైర్యముగా చెప్పువారిని నేను చెవులార వింటిని. ఈ మాటకు మనము జవాబు తెలిసికొనియుండవలెను.

ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానము మత్తయి సువార్త 20వ అధ్యాయములో ఉన్నది గదా. ఉదయముననే వచ్చినవారును, సూర్యాస్తమయమునకు ఒక గంట ముందు వచ్చినవారును ఒకే కూలి పుచ్చుకొనిరి. ముందు వచ్చినవారు సణిగినను యజమానుడు వినలేదు. దేవుని రాజ్యమునకు ఇదియే గురుతు. నిన్న రక్షింపబడినవానికిని ఏబది ఏండ్ల క్రిందట రక్షింపబడినవానికిని కృప ఒక్కటే. పేతురు ఎవరికి సువార్త చెప్పినను వారి కష్టార్జితములో ఆయనకు వంతు పోలేదు. గొలుసు వ్యాపారములోనైతే కడపట వచ్చినవాని కూలి తీసి మొదట వచ్చినవానికి ఇత్తురు. ఉపమానమును తలక్రిందులుగా పట్టుకొన్నట్లున్నది! సువార్త ఉచితముగా పొందినదానిని ఉచితముగా ఇచ్చుట. ఇదియైతే కొనినదానిని పొరుగువాని నెత్తిమీదికి దించుట.

దీనివలన కలుగు గాయము ఎట్టిదో నేను కన్నులార చూచితిని. కొన్ని సంవత్సరముల క్రిందట గోదావరి డెల్టాలోని ఒక పల్లె సంఘములో కొన్ని దినములుంటిని. అచ్చట స్త్రీల సమాజములో పాటలు ఎత్తుకొను ఒక సహోదరి గలదు. భర్త తాపీ పనివాడు. పట్టణమునుండి వచ్చిన బంధువు మాటలు నమ్మి, ఆమె పొదుపు సంఘములో తీసిన అప్పును, చెవికమ్మలు కుదువబెట్టి తెచ్చిన పైకమును కలిపి ఒక కంపెనీలో చేరినది. తరువాత తన తోటికోడలిని, ఇరుగుపొరుగు ముగ్గురిని, గుడి ఊడ్చు వృద్ధురాలిని చేర్చినది. ఆ వృద్ధురాలు పింఛను డబ్బులో మిగిల్చి దాచుకొన్నది తెచ్చి ఇచ్చినది. ఎనిమిది నెలలలో గొలుసు తెగెను. చేర్చిన బంధువు ఫోను ఎత్తుట మానెను.

ప్రభురాత్రి భోజనపు ఆదివారమున ఆ సహోదరి రాలేదు. తరువాతి నెలయు రాలేదు. పాస్టరుగారును నేనును ఆమె ఇంటికి వెళ్లితిమి. మంచము క్రింద అట్టపెట్టెలు వరుసగా ఉండెను. అప్పు సంగతియే ఆమెను బాధించుచున్నదని మేము తలంచితిమి. ఆమె తల వంచుకొని ఈలాగు చెప్పెను:

"అప్పు గురించి కాదండీ అయ్యగారూ. నాట్లకీ కోతలకీ పోయి ఎలాగో తీర్చుకుంటాం. ఆ మామ్మ పక్కన కూర్చుని రొట్టె ఎలా తీసుకోమంటారు? కంపెనీ ముఖం చూసి ఇచ్చిందా? నా ముఖం చూసి ఇచ్చింది. ఒక్కసారి కూడా అడగలేదండీ. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది."

"పోలీసులకు చెప్పలేకపోయావా అమ్మా?" అని పాస్టరుగారు అడిగిరి.

"నేనూ చేర్చినదాన్నే కదండీ. నన్నే పట్టుకుంటే?"

చదువరులారా, ఈ రెండు మాటలలో ఈ వ్యాపారపు బలమంతయు ఉన్నది. ఇది మోసపోయినవారిని మోసములో పాలివారినిగా చేయును. దొంగ పడిన ఇల్లు కేకలు వేయును, ఊరు లేచి వచ్చును. ఇచ్చటనైతే నష్టపోయినవారు సిగ్గుతోను భయముతోను నోరు మూసికొందురు. నోరు మూయబడినంతకాలము ఆ వర్తకుడు ప్రక్క ఊరికి పోయి మరల చాప పరచుకొనును.

ఆ సహోదరి భయము ఉత్త భయము కాదు. మన దేశములో 1978లో ప్రైజ్ చిట్లను, మనీ సర్క్యులేషను స్కీములను నిషేధించుచు పార్లమెంటు ఒక చట్టము చేసినది. సభ్యులను చేర్చుటమీద ఆధారపడి త్వరగా సులభముగా డబ్బు వచ్చునని ఆశ చూపు పథకములు ఆ చట్టమువలన నిషిద్ధములు. అట్టివి నడపరాదు, వాటిలో చేరరాదు, వాటికై డబ్బు పుచ్చుకొనరాదు, పంపరాదు. నడిపినవారికి మూడేండ్లవరకు చెరసాల శిక్ష గలదు. కావున "అందరూ చేరుతున్నారు గదా" అని చేరుట క్షేమము కాదు.

ఈ చట్టము కాగితముమీదనే నిలిచిపోలేదు. దానిని కదలించినవారిలో మన తెలుగువారు ముఖ్యులు. 2006లో ఒక వ్యక్తి ఇచ్చిన ఫిర్యాదుమీద ఆంధ్రప్రదేశ్ సి.ఐ.డి. పోలీసులు ఆమ్వే అను పెద్ద కంపెనీమీద కేసు పెట్టిరి. కంపెనీ హైకోర్టుకు వెళ్లెను. 2007 జూలైలో హైకోర్టు ఆ కంపెనీ వాదమును త్రోసివేసి, దాని పథకము పైచూపునకు 1978 చట్టము చెప్పిన మనీ సర్క్యులేషను క్రిందికే వచ్చుచున్నదని పలికెను. 2014 మే నెలలో కర్నూలు పోలీసులు ఆ కంపెనీ భారతదేశపు ముఖ్యాధికారిని అరెస్టు చేసిరి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వపు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటు ఆ కంపెనీకి చెందిన 757 కోట్ల రూపాయలకు పైబడిన ఆస్తులను తాత్కాలికముగా జప్తు చేసెను. తమది సక్రమమైన సరకుల వ్యాపారమేయనియు, చట్టమునకు లోబడియున్నామనియు కంపెనీ మొదటినుండి వాదించుచున్నది. తీర్పు తీర్చుట న్యాయస్థానముల పని. మనము గమనింపవలసినది వేరొకటి. విజయవాడలో కార్పొరేట్ ఫ్రాడ్స్ వాచ్ అను పేరుతో పనిచేసిన వినియోగదారుల ఉద్యమకారులవంటివారు, ధనబలము లేనివారు, కాగితములు పట్టుకొని ఆఫీసుల చుట్టు ఏండ్ల తరబడి తిరుగనియెడల ఈ సంగతులు మన చెవిని పడియుండెడివి కావు.

ఇక అవతలి పక్షమువారు ఊరకుండిరా? ఊరకుండలేదు. వారి పనిని తెలిసికొనుటకు అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయమును తెరచి చూడుడి. ఎఫెసు పట్టణములో దేమేత్రియు అను కంసాలి యుండెను. అర్తెమి దేవికి వెండి గుళ్లు చేయించి పనివారికి మిక్కిలి లాభము కలిగించెడివాడు. పౌలు బోధవలన బేరము తగ్గునని భయపడి, ఆ వృత్తిలో ఉన్నవారినందరిని కూర్చెను. ముందు తమ రాబడి సంగతి చెప్పెను. తరువాత దేవి గౌరవమును, పట్టణపు ప్రతిష్ఠను ఎత్తెను. కొంతసేపటికి పట్టణమంతయు నాటకశాలలో కూడి రెండు గంటలసేపు కేకలు వేసెను. కూడినవారిలో ఎక్కువమందికి తాము ఎందుకు వచ్చిరో తెలియదని లూకా వ్రాయుచున్నాడు. లోపల లాభము, పైకి లోకహితము, చుట్టును తెలియని జనసమూహము. ఇప్పటివారు లాబీయింగు అనునది ఇదియే. ఏలినవారి గుమ్మములయొద్ద తమ వ్యాపారమునకు అనుకూలముగా మాటలాడించుకొనుట.

అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పెదను. పైన చెప్పిన ఫెడరల్ ట్రేడ్ కమిషను 2006లో ఒక నియమమును ప్రతిపాదించినది. వ్యాపార అవకాశమని చెప్పి ఎవరి డబ్బునైన పుచ్చుకొనుటకు ఏడు దినములు ముందుగా, ఆ వ్యాపారమునుగూర్చిన నిజమైన వివరములు కాగితముమీద వ్రాసి ఇయ్యవలెనని దాని సారాంశము. సంపాదన ఇంతయని చెప్పినయెడల దానికి ఆధారము చూపవలెను. పేదవానికి ఇంతకంటె మేలైన నియమమేమి? అయితే 17,000కు పైగా అభిప్రాయములు కమిషనుకు చేరినవి. వానిలో మిక్కిలి ఎక్కువ గొలుసు వ్యాపారములోని వారినుండి వచ్చినవే. 2008లో కమిషను తన ప్రతిపాదనను తగ్గించుకొన్నది. 2011లో తుది నియమము వచ్చునప్పటికి ఈ కంపెనీలు దాని పరిధిలో లేకుండ పోయినవి. ఆ 17,000 మందిలో ఎందరు చివరి వరుసవారో, పైవారు చెప్పిన మాటను నమ్మి తమకు అడ్డమైన కవచమును తామే తీసివేయుమని ఎందరు వ్రాసిరో దేవునికే తెలియును. ఎఫెసు నాటకశాల జ్ఞాపకము వచ్చుచున్నది గదా!

మన దేశములోను ఈ కంపెనీల సంఘమును, వాణిజ్య మండలులును 1978 చట్టము తమకు వర్తింపకుండ వేరే నియమములు కావలెనని ఢిల్లీలో ఏండ్ల తరబడి అడుగుచు వచ్చినవి. 2016లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శక సూత్రములను, 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టము క్రింద డైరెక్ట్ సెల్లింగ్ నియమములను ప్రకటించెను. ఈ నియమములలో మనకు మేలు చేయునవియు ఉన్నవి. పిరమిడ్ స్కీములు, మనీ సర్క్యులేషను స్కీములు నడపరాదని వానిలో స్పష్టముగా ఉన్నది. అమ్మువాడు గుర్తింపు కార్డు లేకయు, ముందుగా అనుమతి పొందకయు మన ఇంటికి రాకూడదు. 1978 చట్టము రద్దు కాలేదు. అయితే "మాకు ప్రభుత్వ నియమాలున్నాయి, కాబట్టి మాది ప్రభుత్వం ఒప్పుకున్న వ్యాపారం" అని పల్లెలలో చెప్పుకొనుచున్నారు. రోడ్డుమీద నియమములున్నంతమాత్రమున ప్రతి లారీ సరిగా నడచుచున్నదని అర్థము కాదు గదా!

వ్యాపారస్థులు ఏలినవారికి విన్నవించుకొనుట తప్పని నేననను. అది పౌరులందరి హక్కు. ఒక పక్షమువారే గుమ్మమునొద్ద నిలిచియుండి, గాయపడినవారు ఇంట తలుపులు మూసికొనియుండుటయే కీడు.

మరియొక మాట. "ఆ కంపెనీ పెట్టినవారు మంచి క్రైస్తవులట" అని కొందరు చెప్పి మనలను ఒప్పింతురు. ఆమ్వే కంపెనీని 1959లో స్థాపించిన జే వాన్ ఆండెల్, రిచర్డ్ డివోస్ అనువారిద్దరును సంఘసభ్యులే, దానధర్మములు చేసినవారే. డివోస్‌గారు 1980 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికాలోని రిపబ్లికన్ పార్టీ నిధులు కూర్చు పనికి అధ్యక్షులుగా ఉండిరి. 1979లో అక్కడి కమిషను వారి కంపెనీ పిరమిడ్ కాదని తీర్పు చెప్పెను గాని, సంపాదననుగూర్చి మోసకరమైన మాటలు చెప్పకూడదనియు ఆజ్ఞాపించెను. మనుష్యుల హృదయములను మనము తీర్పు తీర్చరాదు. కాని తూకమును తీర్పు తీర్చవలెను. కొట్టువాడు ప్రార్థనపరుడైనను మనము త్రాసు ముల్లు చూడక మానము గదా! అబద్ధపు త్రాసు దేవునికి అసహ్యమని సొలొమోను సామెతలలో బోధించుచున్నాడు. ఆ త్రాసు ఎవరి చేతిలో ఉన్నను అది అబద్ధపు త్రాసే.

అయితే మనవంటి సామాన్యులు ఏమి చేయగలము? లూకా సువార్త 18వ అధ్యాయములోని విధవరాలిని తలంచుకొనుడి. ఆమెకు ధనము లేదు, పలుకుబడి లేదు, ఎదుటనున్న న్యాయాధిపతి దేవునికి భయపడువాడు కాడు. ఆమెకున్నది పట్టుదల ఒక్కటే. వెళ్లినది, మరల వెళ్లినది, అతడు విసిగి న్యాయము తీర్చువరకు వెళ్లినది. ప్రార్థననుగూర్చి ప్రభువు ఆ ఉపమానము చెప్పెను. అయితే ఆ విధవరాలు మోకాళ్లమీద మాత్రమే లేదు, కచేరి గుమ్మమునొద్దను ఉండెనని మరువకుడి. మోసపోయినవారి పక్షమున ఫిర్యాదు వ్రాయుటయు, శాసనసభ్యునికి విన్నపము పంపుటయు భక్తిహీనమైన పనులని తలంచవద్దు. పొరుగువాని ప్రేమ కొన్నిసార్లు స్టాంపు అంటించిన కవరుగా బయలుదేరవలసియుండును.

కావున మన సంఘములకు కొన్ని మాటలు చెప్పుచున్నాను. బలిపీఠము ముందునుండియు, స్త్రీల సమాజములోను ఇట్టి వ్యాపారపు ప్రకటనలు చేయనియ్యకుడి. పాస్టరుగార్లు, ఉపదేశులు, సంఘ పెద్దలు ఎట్టి గొలుసులోను మొదటి కడియము కాకుందురుగాక. ఎందుకనగా కాపరి వెళ్లినచోటికి గొఱ్ఱెలు అడుగక వెళ్లును. ఎవరైన వచ్చి చేరుమన్నప్పుడు మూడు ప్రశ్నలడుగుడి. నేను ఎవరిని చేర్చకపోయినను, సరకు అమ్ముటవలననే నాకు లాభము వచ్చునా? ఈ సరకును ఈ వెలకు, ఏ కమీషను ఆశ లేనివారు కొందురా? నీవు పెట్టిన ఖర్చంతయు పోగా నీకు మిగిలినదెంతో బ్యాంకు పుస్తకము చూపగలవా? ఈ మూడింటిలో ఒక్కదానికైనను సూటియైన జవాబు రానియెడల వందనములు చెప్పి పంపివేయుడి.

ఇదివరకే నష్టపోయినవారు రసీదులు, ఫోనులోని మెసేజీలు, డబ్బు పంపిన చీట్లు పారవేయక భద్రపరచుడి. ఒంటరిగా వెళ్లక నలుగురు కలిసి పోలీసు స్టేషనుకు వెళ్లుడి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి తెలుగులో చెప్పుకొనవచ్చును. చేర్చినవారమైతిమను భయము కలవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లుడి. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని అచ్చట వకీలు సహాయము ఉచితము. ఆ సంస్థల ఫోను నంబరు 15100.

ఇతరులను చేర్చినవారికి ఒక మాట. జక్కయ్య చెట్టు దిగిన దినమున మొదట లెక్క చూచుకొనెను. తీసికొన్నదానిని తిరిగి ఇచ్చుటలో అతని రక్షణానందము వెల్లడియాయెను. మీరు పుచ్చుకొన్న కమీషను కొంచెమైనను, అది ఎవరి చేతినుండి వచ్చెనో వారికి చేర్చుడి. ఒక్కసారి ఇయ్యలేనియెడల నెలనెల ఇయ్యుడి. ఇయ్యలేకపోయినను వెళ్లి మాటలాడుడి. మౌనముగా తప్పించుకొని తిరుగుట అప్పుకంటె బరువు.

గోదావరి పల్లెలోని సహోదరి ఆ పనియే చేసినది. ఒక సాయంకాలము పాస్టరమ్మగారిని తోడు తీసికొని వృద్ధురాలి ఇంటికి వెళ్లినది. ఏమి మాటలాడుకొనిరో నాకు తెలియదు. తరువాతి వారము వారిద్దరును, మిగిలిన నలుగురును కలిసి రసీదులు పట్టుకొని మండల పోలీసు స్టేషనుకు వెళ్లిరి. డబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు. ఆ చుట్టుప్రక్కల ఊళ్లలో మాత్రము ఆ బంధువు మరల చాపమీద కూర్చుండలేదని పాస్టరుగారు వ్రాసిరి. ఆ నెల ప్రభువు బల్లయొద్ద వారందరును ఒకే వరుసలో కూర్చుండిరట.

ప్రియులారా, మన ప్రభువును ముప్పది వెండి నాణెములకు అమ్మినవాడు ఆయనతో ఒకే పాత్రలో చెయ్యి ముంచినవాడు. సహవాసమునకు వెల కట్టుట అంత భయంకరమైనది. మరియు మనలను కొనినవాడు తన రక్తముతో కొనెను గాని, మరల ఎవరికిని అమ్ముటకు కొనలేదు. మీ సంఘములో మీ ప్రక్కన చాపమీద కూర్చుండువారిని ఈ ఆదివారము ఒకసారి చూడుడి. వారి నమ్మిక దేవుడు మీయొద్ద ఉంచిన ఆస్తి. దానిని కాపాడుడి.

పరలోకమందున్న తండ్రీ, బీదల కష్టార్జితమును కాపాడుము. మోసపోయినవారి సిగ్గును తీసివేసి నోరు తెరువుము. ఇతరులకు నష్టము చేసినవారికి లెక్క సరిచేసికొను ధైర్యమిమ్ము. ఏలువారికి లాభములవారి కేకలకంటె విధవరాలి మొఱ్ఱ బిగ్గరగా వినబడునట్లు చేయుము. మా సంఘములను ప్రేమగల కుటుంబములుగా నిలుపుమని మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.